అయ్యగారి బండికి రోడ్డు అక్కర్లేదా?



ఈ వారం ఒక బండి గురించి రాస్తున్నాను. వాక్యం చెప్పాల్సిన మనిషి బండి గురించి రాయడమేమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ గత రెండేళ్లలో మీరు నన్ను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఏ అధ్యాయం గురించో కాదు. "అయ్యగారూ, అంత ఎత్తు బండి మీకెందుకు?" అన్నదే. చాలామంది నవ్వుతూ అడిగారు. ఒకరిద్దరు నవ్వకుండా అడిగారు. బెంగళూరులో, హైదరాబాదులో పనిచేసే కుర్రాళ్లయితే "మైలేజీ ఎంతిస్తుంది అయ్యగారూ, నేనూ తీసుకోనా?" అని మెసేజ్ పెట్టారు. అందరికీ ఒకే చోట జవాబు చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఇన్నాళ్లూ ఎందుకు దాటవేశానో ఈ వ్యాసం చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

ముందు దారి సంగతి

నా కాపురం మార్కాపురంలో. పిల్లల చదువుల కోసం అక్కడ ఉంటున్నాం. నేను చూడవలసిన సంఘాలు మాత్రం చెదిరి ఉన్నాయి. దోర్నాల వైపు ఒక ఊరు, యర్రగొండపాలెం వైపు రెండు ఊళ్లు, నల్లమల అంచున ఒక చెంచు గూడెం. వీటిలో రెండు మూడు చోట్లకు వెళ్లి ఇల్లు చేరేసరికి రోజుకు 110 కిలోమీటర్లు అవుతుంది. నెలకు 22 రోజులు అనుకుంటే 2,400 కిలోమీటర్లు దాటుతుంది.

ఇందులో సగం దారికి వంక పెట్టడానికి లేదు. మంచి తారు రోడ్డు. మిగతా సగమే అసలు సంగతి. టిప్పర్లు తిరిగి తిరిగి తవ్వేసిన గుంతలు, రంగు వేయని స్పీడు బ్రేకర్లు, రోడ్డు మీదే ఆరబోసిన కందులు, మలుపు తిరగగానే ఎదురయ్యే గొర్రెల మంద. ఆ తరువాత గ్రావెల్ దారి. దాని తరువాత డొంక. వానాకాలం వాగు పొంగితే చప్టా మీద మోకాలి లోతు నీళ్లు. నల్లరేగడిలో వాన పడిందంటే చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య మట్టి ఇరుక్కుని చక్రం తిరగడమే మానేస్తుంది. అప్పుడు పుల్ల తీసుకుని మట్టి గీక్కుంటూ కూర్చోవాలి. ఈ ప్రాంతంలో బండి నడిపిన ప్రతి ఒక్కరికీ ఆ పుల్ల తెలుసు.

ఇదే దారుల్లో 11 ఏళ్లు నేను స్ప్లెండర్ నడిపాను. ఆ బండిని చిన్నచూపు చూసే మాట నా నోట రాదు. 112 కిలోల బరువు. పడినా ఒక్కణ్ణే లేపుకునేవాణ్ణి. ఏ ఊళ్లోనైనా దానికి సామాను దొరుకుతుంది, ఏ మెకానిక్కైనా కళ్లు మూసుకుని విప్పి బిగిస్తాడు. లీటరుకు 60 ఇచ్చేది. కానీ దాని అడుగుభాగానికీ నేలకూ మధ్య ఉండేది 165 మిల్లీమీటర్లే. డొంకలో రాళ్లు ఇంజను కింద తగులుతూనే ఉండేవి. ముందు చక్రం రిమ్ము మూడుసార్లు వంగింది. ఆ తరువాత నా నడుము వంగింది. "బండైనా మార్చండి, ఉద్యోగమైనా మార్చండి" అన్నారు డాక్టరుగారు. నాది ఉద్యోగం కాదని ఆయనకు చెప్పలేదు. బండే మార్చాను.

2023లో ఒక తమ్ముడి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో ఎక్స్‌పల్స్ 200 తీసుకున్నాను. 2021లో వచ్చిన నాలుగు వాల్వుల మోడల్. వీటిని అడ్వెంచర్ బండ్లు అంటారు. పేరు వింటే లడఖ్ గుర్తుకొస్తుంది. యూట్యూబ్‌లో చూపించేదీ అదే. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ వచ్చాక మన దేశంలో ఈ రకం బండ్ల మీద మోజు పెరిగింది. 2019లో వచ్చిన ఎక్స్‌పల్స్ ఆ రకాన్ని తక్కువ ధరకు దించింది. కానీ నేను చెప్పేది వినండి. ఈ బండికి సరైన చోటు లడఖ్ ఒక్కటే కాదు. యర్రగొండపాలెం డొంక కూడా.

ఎందుకంటే దాని తయారీయే వేరు. ముందు చక్రం 21 అంగుళాలు. పెద్ద చక్రం గుంతలో కూరుకుపోకుండా దాని అంచు ఎక్కి దాటుతుంది. ముందు సస్పెన్షన్ 190 మిల్లీమీటర్ల దాకా, వెనకది 170 దాకా కుంగి లేస్తుంది. కాబట్టి రాయి దెబ్బ నడుము దాకా రాదు. నేల నుంచి ఇంజను అడుగు 220 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది. అంటే సుమారు జానెడు. దారి మరీ పాడైన చోట నిలబడి నడపవచ్చు. ట్యాంకులో 13 లీటర్లు పడతాయి. ఒకసారి నింపితే నాలుగు రోజులు చింత లేదు. ఈ రెండేళ్లలో రిమ్ము వంగలేదు. నడుము నొప్పి పూర్తిగా పోలేదు గాని, పడుకుంటే నిద్ర పడుతోంది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక దాని ఖరీదు.

కానుక పళ్లెం లెక్క

నవ్వకుండా అడిగినవారి ప్రశ్న ఇది. అడగడం న్యాయమే. నా పెట్రోలు మీ కానుకల్లో నుంచి పోస్తున్నారు. అందుకే లెక్క చెబుతాను.

నెలకు 2,420 కిలోమీటర్లు. పెట్రోలు లీటరు 110 రూపాయలు అనుకుందాం. స్ప్లెండర్ లీటరుకు 60 ఇస్తే నెలకు 40 లీటర్ల చిల్లర, సుమారు 4,440 రూపాయలు. ఈ బండి నా చేతిలో 38 ఇస్తోంది. దాదాపు 64 లీటర్లు, సుమారు 7,000 రూపాయలు. తేడా నెలకు 2,560 పైన. ఏడాదికి 30 వేలు దాటుతుంది. ఇంకా చైనుకు ఆయిలు, టైర్లు, ట్యూబులు వేరే. ఒక సంగతి చెప్పాలి. 21 అంగుళాల ట్యూబు మన పల్లెటూరి పంక్చరు షాపుల్లో దొరకదు. అది కొని సంచిలో పెట్టుకు తిరగాలి.

ఆ 2,560 రూపాయలు ఎవరివి? మిరప కోతలకు వెళ్లి, ఎండలో మంట చేతులతో కూలి తెచ్చుకుని, అందులో నుంచి పది నోటు మడిచి పళ్లెంలో వేసే తల్లులవి. నా నడుము కోసం ఆ డబ్బు ఖర్చు పెట్టవచ్చా? ప్రభువు పట్టణంలోకి ఎక్కి వచ్చిన గాడిద పిల్ల కూడా అడిగి తెచ్చుకున్నదే గాని సొంతది కాదు. మన ప్రాంతంలో మొదటి బోధకులు ఎలా తిరిగారో కూడా మనకు తెలుసు. 1866లో ఒంగోలు వచ్చిన క్లౌ దొరగారికి గుర్రం ఉండేది. తాళ్లకొండపాడు ఎర్రగుంట్ల పేరయ్యగారి వంటివాళ్లకు కాళ్లే ఉన్నాయి. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారంటే, దాని వెనక ఊరూరా నడిచిన కాళ్లు ఎన్ని ఉన్నాయో ఆలోచించండి.

ఈ లెక్క వేసుకున్నాక ఒక నిర్ణయం తీసుకున్నాను. నెలకు ఎనిమిది రోజులు ఆర్టీసీ బస్సులో వెళుతున్నాను. రోడ్డు పక్కనే ఉన్న ఊరికి బండి ఎందుకు? బస్సు టికెట్లు పోను ఆ తేడాలో సగం దాకా తగ్గింది. మిగతా సగం నేనే భరిస్తానని చెప్పలేను, నాకంత లేదు. అది మీరు భరిస్తున్నారు. కాబట్టి ఆ బండి ఎందుకు కదులుతోందో అడిగే హక్కు మీకుంది. షోకుకు కదిలితే నన్ను నిలదీయండి. నా మాట ఇదే. బండి దర్జాను బట్టి తీర్పు చెప్పకండి, అది తిరిగిన దారిని బట్టి చెప్పండి. తారు రోడ్డు మీద చర్చికీ ఇంటికీ తిరిగే ఎత్తు బండి దుబారా. చిన్న బండే అయినా పనిలేకుండా తిరిగితే అదీ దుబారానే.

ఖాళీగా పోతున్న వెనక సీటు

లెక్కలో రాని నష్టం ఒకటుంది. స్ప్లెండర్ ఉన్నప్పుడు నా వెనక సీటు ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు. బ్యాంకుకు వెళ్లే పింఛను అవ్వలు, పట్టు పురుగుల్లా మూటలు కట్టుకుని సంతకు వెళ్లే అమ్మలు, హాస్టలుకు వెళ్లే పిల్లలు ఎవరో ఒకరు చేయి ఎత్తేవాళ్లు. చీర కట్టుకున్నవాళ్లు ఒక పక్కకు కూర్చుని నా భుజం పట్టుకునేవాళ్లు. దారిపొడవునా తమ కష్టం చెప్పుకునేవాళ్లు. నాకు తెలిసిన సంగతుల్లో సగం ప్రార్థన కూటంలో తెలిసినవి కావు, ఆ వెనక సీటు మీద తెలిసినవి.

ఈ కొత్త బండి సీటు నేల నుంచి 825 మిల్లీమీటర్ల ఎత్తు. వెనక సీటు ఇంకా ఎత్తు. అవ్వలు ఎక్కలేరు. ఒకావిడ రాయి మీద నిలబడి ఎక్కబోయి, "ఒద్దులే నాయనా, ఏనుగెక్కినట్టుంది" అని దిగిపోయింది. ఇప్పుడు చేయి ఎత్తడం కూడా మానేశారు. నేను ఒక్కణ్ణే పోతున్నాను, తొందరగా పోతున్నాను.

సమరయుడి కథ మీకు తెలుసు. గాయపడినవాణ్ణి తన వాహనం మీద ఎక్కించాడు. ఎక్కించాడంటే తాను దిగి నడిచే ఉంటాడు. మన వాహనం మంచిదో కాదో తేల్చడానికి నాకు తెలిసి ఇంతకంటే పెద్ద కొలత లేదు. ఎన్ని సీసీలు అని కాదు, వేరేవాళ్లు ఎక్కగలరా అని.

నిద్ర

ఇది నా తప్పు కాబట్టి క్లుప్తంగా అయినా చెప్పి తీరాలి. పోయిన ఏడాది రాత్రంతా ప్రార్థన జరిగాక, తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరాను. "కాసేపు పడుకుని పోండి అయ్యగారూ" అన్నారు. "ప్రభువు చూసుకుంటాడు" అన్నాను. బండి సాఫీగా పోతోంది. అదే ముప్పు. స్ప్లెండర్ అయితే కుదుపులకు మెలకువ ఉండేది. ఈ బండి ఉయ్యాలలా ఊపింది. కళ్లు మూసుకున్న సంగతి నాకు తెలియలేదు. తెరిచేసరికి లైట్లు లేకుండా ఆగి ఉన్న లారీ వెనక భాగం ఎదురుగా ఉంది. 60 వేగంలో బండి సెకనుకు 16 మీటర్లకు పైగా పోతుంది. ఎలా తప్పుకున్నానో నాకు తెలియదు. పక్కన మిరప చేలో పడ్డాను. 158 కిలోల బండి కాలి మీద పడింది. పొద్దున్నే గొర్రెలు తోలుకు వచ్చిన ఇద్దరు లేపారు.

బిలాముకు కనబడనిది అతని గాడిదకు కనబడింది. నా బండికి ఆ కళ్లు లేవు. నేను నిద్రపోతే అది ఆగదు. ఆ తెల్లవారుజామున నేను విశ్వాసం అనుకున్నది విశ్వాసం కాదు, మొండితనం. నిద్రపోకుండా బండెక్కి ఆ భారం దేవుడి మీద వేయడం ఆయన్ని పరీక్షించడమే. అప్పటి నుంచి నియమం పెట్టుకున్నాను. రాత్రి ప్రార్థన తరువాత మూడు గంటలు నిద్రపోకుండా తాళం చేతికి తీసుకోను. తాళం సంఘ పెద్ద దగ్గరే ఉంటుంది. ఐఎస్‌ఐ గుర్తున్న హెల్మెట్ లేకుండా నేను కనబడితే బండి ఆపమని పిల్లలకు చెప్పాను. ఇద్దరు పిల్లలు ఇప్పటికే ఆపారు కూడా.

మన కుర్రాళ్లకు

నాయనా, మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను. నన్ను చూసి కొనకండి. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క వేసుకోవాలని మనం విన్నాం. మీరూ కూర్చుని ముందు మీ దారి లెక్క వేసుకోండి. మీరు రోజూ పోయే దారిలో మట్టి ఎంత, తారు ఎంత? ఆఫీసుకు పోయి రావడానికి తారు రోడ్డే అయితే ఈ బండి మీకు బరువే. ట్రాఫిక్కులో ఆగినప్పుడు రెండు కాళ్లూ నేలకు ఆనతాయా, షోరూములో ఎక్కి చూసుకోండి. పడిపోతే ఒంటరిగా లేపగలరా? 2023 చివర్లో వచ్చిన కొత్త హిమాలయన్ 196 కిలోలు. వీడియోలో అది తేలిగ్గా ఎగురుతుంది. బురదలో మీ మీద పడితే ఎగరదు. ఇంటి దగ్గర నాన్న అప్పు తీరకుండా మీరు వాయిదాల మీద బండి కొని, దాని మీద కూర్చున్న ఫొటో పంపితే, ఆ ఫొటో చూసి ఆయన ఏమనుకుంటాడో ఒక్క నిమిషం ఆలోచించండి. ఇవన్నీ చూసుకున్నాక కూడా అవసరం అనిపిస్తే కొనుక్కోండి. మంచి బండి కొనుక్కోవడం పాపం కాదు.

అవ్వ అన్న మాట

ఇక నేను దాటవేస్తూ వచ్చిన సంగతి.

యర్రగొండపాలెం వైపు మన సంఘం ఉన్న ఒక ఊరికి, మెయిన్ రోడ్డు నుంచి నాలుగు కిలోమీటర్ల గ్రావెల్ దారి. మధ్యలో చప్టా. పోయిన వానాకాలం ఒక రాత్రి ఆ ఊళ్లో మన బిడ్డకు నొప్పులు మొదలయ్యాయి. ఆటో చప్టా అవతలే ఆగిపోయింది. నలుగురు మగవాళ్లు నులక మంచం మీద ఆమెను మోసుకుంటూ వాగు దాటించారు. తల్లీబిడ్డలు క్షేమం. దేవునికి స్తోత్రం.

మరునాడు మధ్యాహ్నం చూడ్డానికి వెళ్లాను. వాన ఇంకా పడుతోంది. అదే చప్టా, అదే బురద. నా బండి దాటింది. ఊళ్లో దిగి చొక్కా దులుపుకుంటూ, "ఏం బండండీ ఇది, అంత బురదలో కూడా ఎక్కడా ఆగలేదు" అన్నాను. మనసులో ఏ చెడ్డా లేదు. సంతోషంగానే అన్నాను. అరుగు మీద కూర్చున్న అవ్వ, రాత్రి మంచం మోసినవాడి తల్లి, నా వైపు చూసి అంది:

"మీ బండికి రోడ్డు అక్కర్లేదు గదా అయ్యగారా. అందుకేనేమో, మీరు అర్జీ మాటెత్తి ఎన్నాళ్లయింది?"

నేను ఏమీ అనలేకపోయాను. ఇంటికొచ్చి పాత సంచి వెతికాను. ఆ రోడ్డు కోసం ఊరివాళ్లతో కలిసి అధికారుల దగ్గరకు రెండుసార్లు వెళ్లాం. రెండు అర్జీలూ నా చేత్తో రాసినవే. నకళ్లు దొరికాయి. రెండూ 2022లోవి. బండి కొన్న తరువాతి తేదీతో ఒక్క కాగితం కూడా లేదు.

ఎవరూ నన్ను ఆపలేదు. ఎవరికీ భయపడి మానలేదు. స్ప్లెండర్ మీద వెళ్లినప్పుడు ఆ గుంతలు నా నడుముకు తగిలేవి, కాబట్టి అర్జీ రాశాను. కొత్త బండి వచ్చాక గుంతలు తగలడం మానేశాయి, కాబట్టి రాయడం మానేశాను. అంటే నేను అంతకుముందు రాసింది వాళ్ల కోసమేనా? నా నడుము కోసమా? ఆ రాత్రి ఈ ప్రశ్న నన్ను పడుకోనివ్వలేదు. నేను నేల నుంచి పైకి లేచింది జానెడే. ఆ జానెడు చాలింది, నా మనుషుల దారి నాది కాకుండా పోవడానికి.

ఈ జబ్బు బండ్లకే పరిమితం కాదు. ఇంట్లో ఫిల్టరు పెట్టుకున్నాక ఊరి ఫ్లోరైడు నీళ్ల గురించి మాట్లాడటం మానేస్తాం. మన పిల్లల్ని ప్రైవేటు బడికి పంపాక ఊరి బడిలో పంతులు ఉన్నాడో లేడో అడగం. దేవుడు మనకు ఒక సౌకర్యం ఇచ్చాడంటే పొరుగువాడి కష్టం తీరిపోయిందని కాదు, అది మనకు వినబడటం ఆగిందని. కాబట్టి సౌకర్యం వచ్చినవాడు ముందుకంటే ఎక్కువగా చెవి పెట్టి వినాలి. ఇదే ఈ బండి నాకు నేర్పిన పాఠం. నేర్పింది బండి కూడా కాదు, అవ్వ.

బండి అమ్మేయాలా అని ఆలోచించాను. అమ్మలేదు. అమ్మితే నడుము పోతుంది, గూడేనికి వెళ్లడం తగ్గుతుంది, రోడ్డు మాత్రం రాదు. దానికి బదులు రెండు పనులు పెట్టుకున్నాను. నెలకు ఒకసారి మెయిన్ రోడ్డు మీద బండి నిలిపి, ఆ నాలుగు కిలోమీటర్లూ ఊరివాళ్లతో కలిసి నడిచి వెళుతున్నాను. వానైనా, ఎండైనా. రెండోది, మూడో అర్జీ రాశాం. ఈసారి నేను రాయలేదు. ఊళ్లో డిగ్రీ చదివిన అమ్మాయి రాసింది. మంచం మోసిన నలుగురూ, ఆ తల్లీ సంతకాలు పెట్టారు. అవ్వ వేలిముద్ర వేసింది. ఆ వేలిముద్ర కింద నా సంతకం ఉంది.

రోడ్డు ఇంకా రాలేదు. వచ్చే నెల మళ్లీ వెళుతున్నాం. ఆ ఊరి నుంచి వెళ్లి పట్నాల్లో ఉంటున్నవాళ్లు ఇది చదువుతుంటే, అర్జీ మీద మీ పేరు కూడా ఉండాలి. ఇంటికి ఫోను చేసి కనుక్కోండి.

బండి గురించి అడిగినవాళ్లందరికీ ఇదే నా జవాబు. ఇకముందు నన్ను దారిలో చూస్తే మైలేజీ ఎంత అని అడగకండి. "అయ్యగారూ, రోడ్డు సంగతి ఎందాకా వచ్చింది?" అని అడగండి.

మీ కోసం ప్రార్థిస్తూ,
మీ అయ్యగారు